వృద్ధాశ్రమాల కార్యవర్గాల్లోకి కొత్తవారు రావాలి

సంపాదకులు గారికి,

అయ్యా,

ఏటా అక్టోబరు 1న అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం వచ్చినప్పుడు మన పత్రికల్లో వృద్ధాశ్రమాల వార్తలు ప్రముఖంగా కనిపిస్తాయి. దాతలు దుప్పట్లు పంచుతారు, విద్యార్థులు పాటలు పాడతారు, పెద్దలు ఆశీర్వదిస్తారు. అవి మంచి వార్తలే. అయితే ఆ ఆశ్రమాన్ని మిగిలిన రోజులన్నీ నడిపించే కార్యవర్గం గురించి, అందులో జీతభత్యాలు తీసుకోకుండా పనిచేసే ట్రస్టీల గురించి, వారి తర్వాత ఆ భారం ఎవరు ఎత్తుకుంటారన్న ప్రశ్న గురించి రాసినవారు అరుదు. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించిన తర్వాత చెన్నైలో తెలుగువారు నడుపుతున్న వృద్ధుల సేవాసంస్థలతో నాకు ఏర్పడిన పరిచయం వల్ల, ఆ ప్రశ్నను ఇంకా వాయిదా వేయడం తగదని భావించి ఈ లేఖ రాస్తున్నాను.

నా అభిప్రాయం ఇది. వృద్ధులకు సేవచేసే ప్రతి సంస్థలోనూ కార్యవర్గ పదవులకు నిర్దిష్టమైన కాలపరిమితి ఉండాలి, తమ తర్వాతివారిని వెతికి, పని నేర్పి, అధికారం అప్పగించడం ప్రస్తుత నాయకత్వం చేయవలసిన పనుల్లో మొదటిది కావాలి. ఇది వ్యవస్థాపకుల పట్ల అగౌరవంతో అంటున్న మాట కాదు. సొంత ఇల్లు రాసిచ్చినవారిని, పింఛను డబ్బుతో పాలవాడి బాకీ తీర్చినవారిని నేను ఎరుగుదును. వారు కట్టినది వారితోనే ఆగిపోకూడదన్న ఆరాటంతోనే ఈ మాట అంటున్నాను.

ఒక ఆశ్రమంలో జరిగినది చెబుతాను. సంస్థ పేరు అవసరం లేదు. వ్యవస్థాపక అధ్యక్షులు, కోశాధికారి ఇద్దరూ కలిసి సంతకం చేస్తేనే బ్యాంకు ఖాతా నుంచి డబ్బు తీయగలిగే ఏర్పాటు అక్కడ మొదటి నుంచీ ఉంది. అధ్యక్షులకు పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో చేరారు. సంతకం మార్చాలంటే కార్యవర్గం సమావేశమై తీర్మానం చేసి, మినిట్స్ పుస్తకంలో నమోదుచేసి, ఆ ప్రతిని బ్యాంకుకు ఇవ్వాలి. కార్యవర్గంలో కొందరు కాలం చేశారు, ఒకరు అమెరికాలో కుమారుడి దగ్గర ఉన్నారు, ఖాళీలను ఏళ్ల తరబడి భర్తీ చేయలేదు, అందుచేత కోరం కుదరలేదు. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లోకి వెళ్లాలన్నా ఓటీపీ వచ్చేది అధ్యక్షుల సెల్‌ఫోనుకే. ఖాతాలో డబ్బు ఉంది, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి, ఆయాలకు మాత్రం జీతాలు అందలేదు. కిరాణా కొట్టువాడు పాత పరిచయంతో సరుకులు అప్పుగా ఇచ్చాడు గనుక అక్కడి పెద్దలకు అన్నం ఆగలేదు. ఈ మొత్తం వ్యవహారంలో ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ నిర్లక్ష్యంగా మాట్లాడలేదు. అందరూ మంచివారే. ఒక మనిషి మంచం పడితే సంస్థ కూడా మంచం పడే విధంగా ఏర్పాట్లు ఉండిపోవడమే అక్కడి లోపం. బ్యాంకులో కౌంటరుకు ఇటువైపు కూర్చున్నప్పుడు ఇలాంటి ఖాతాలు చూశాను, నిబంధన ప్రకారం తీర్మానం అడిగాను. ఆ కాగితం వెనుక ఎంతమంది భోజనం ఉంటుందో ఆశ్రమంలో అడుగుపెట్టాకే పూర్తిగా అర్థమైంది.

ప్రభుత్వమే అన్నీ చూసుకుంటుందని అనుకోవడానికి వీల్లేదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాన్ని జిల్లాకు ఒకటి చొప్పునైనా రాష్ట్ర ప్రభుత్వాలు నెలకొల్పవచ్చునని అందులోని 19వ సెక్షన్ చెబుతోంది. ‘నెలకొల్పి తీరాలి’ అని చెప్పలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైబడి ఉన్నారు. జాతీయ సగటు 8.6 శాతం కాగా తమిళనాడులో అది 10.4 శాతం. ఆ తర్వాత గడిచిన కాలంలో ఈ నిష్పత్తి ఇంకా పెరిగిందని వేరే చెప్పనవసరం లేదు. అంటే చెన్నైలో దిక్కులేని ఒక పెద్దావిడ రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది చాలావరకు స్వచ్ఛంద సంస్థల మీద, ఆ సంస్థల్లో నెలకొకసారి కలుసుకునే కొద్దిమంది ట్రస్టీల మీద ఆధారపడి ఉంది.

ఈ నగరానికి ఈ విషయంలో సుదీర్ఘమైన అనుభవం ఉంది. 1782లో కరవు కాలంలో గంజి పోయడానికి ఉత్తర చెన్నైలో మొదలైన మోనెగర్ సత్రం చరిత్రలో మన వెంకటగిరి రాజావారి సత్రం కూడా భాగమే. అక్కడి వైద్యశాల క్రమంగా పెరిగి నేటి స్టాన్లీ ఆసుపత్రి అయింది. రాయపురం వైపు పాతతరం వారు దానిని కంజి తొట్టి ఆసుపత్రి అనే పిలిచేవారు. రెండు శతాబ్దాలకు పైగా ఒక ధర్మసంస్థ నిలిచిందంటే, మొదట గంజి పోసిన చేతుల నుంచి బాధ్యత ఎన్నో చేతులు మారింది గనుకనే. తెలుగువారికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఆంధ్ర మహిళా సభ. 1937లో మద్రాసులో దానిని స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ తరువాతి కాలంలో రాజ్యాంగ సభకు, ప్రణాళికా సంఘానికి వెళ్లారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. ఆమె ఢిల్లీలో ఉన్న సంవత్సరాల్లోనూ సభ పని ఆగలేదు. ఆమె నిర్మించినది తన చుట్టూ తిరిగే సంస్థను కాదు, ఇతరులు నడపగలిగే సంస్థను.

చట్టం ఈ విషయంలో కొంత చెప్పింది, కొంత మనకే వదిలింది. తమిళనాడు సంఘాల నమోదు చట్టం, 1975 కింద నమోదైన సంఘానికి ముగ్గురికి తక్కువ కాకుండా కార్యవర్గం ఉండాలి, సభ్యుల పదవీకాలం మూడేళ్లకు మించరాదు. అయితే మళ్లీ ఎన్నిక కావడానికి అడ్డు లేదు. అందువల్ల మూడేళ్లకోసారి అవే పేర్లు, అదే వరుసలో, ఏకగ్రీవంగా రిజిస్ట్రారు కార్యాలయానికి చేరుతుంటాయి. ట్రస్టుగా ఏర్పడిన సంస్థల్లో ఆ మాత్రం గడువు కూడా కనిపించదు. ట్రస్టు పత్రంలో ‘జీవితకాల ట్రస్టీలు’ అని రాసుకుంటే అదే శాసనం. మహారాష్ట్రలో ఉన్నట్లుగా ధర్మసంస్థలన్నింటినీ పర్యవేక్షించే ఛారిటీ కమిషనర్ ఇక్కడ లేరు. దేవాదాయ శాఖ పరిధి వేరు. ఏదైనా తప్పు జరిగితే, ట్రస్టుతో సంబంధం ఉన్న ఇద్దరు వ్యక్తులైనా కలిసి, సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద కోర్టు అనుమతి తీసుకుని దావా వేయాలి. ఆశ్రమంలో ఆశ్రయం పొందుతున్న డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి ఆ మార్గంలో వెళ్లగలరని ఎవరూ అనుకోరు. కనుక చట్టం వదిలేసిన చోట సంస్థ తన నియమావళిలో తానే రాసుకోవాలి. వరుసగా రెండు పర్యాయాలకు మించి ఒకే పదవిలో ఎవరూ ఉండరాదని, ప్రతి పర్యాయంలోనూ కార్యవర్గంలో మూడోవంతు మంది కొత్తవారు కావాలని రాసుకోవడానికి ఏ చట్టమూ అడ్డుపడదు. ట్రస్టు పత్రాన్ని మార్చడం కష్టమైనచోట ట్రస్టీలు తమంతట తామే ఒక తీర్మానం చేసుకుని దానికి కట్టుబడవచ్చు.

వ్యవస్థాపకులు పదవి వదలడానికి ఎందుకు జంకుతారో నాకు తెలుసు. కొత్తవారు వస్తే నిధి కరిగిపోతుందేమో, స్థలం అమ్ముడుపోతుందేమో, ఉచితంగా ఉంటున్నవారిని పంపించి డబ్బు కట్టేవారిని చేర్చుకుంటారేమో అన్న భయం వారిని పట్టుకుని ఉంటుంది. ఆ భయం అకారణం కాదు. దానికి మందు ఏమిటంటే, వారు ఆరోగ్యంగా, చురుగ్గా ఉన్నప్పుడే కొత్తవారిని పక్కన కూర్చోబెట్టుకోవడం. మొదటి ఏడాది ఓటుహక్కు లేని ఆహ్వానిత సభ్యులుగా పిలవండి. కొనుగోళ్ల బిల్లులు చూడమనండి, రాత్రి పూట ఒకసారి వచ్చి ఆశ్రమంలో నిద్ర చేయమనండి, ఒక పెద్దాయన చనిపోయినప్పుడు బంధువులకు కబురు పెట్టడం దగ్గర నుంచి శ్మశానం రసీదు వరకు జరిగే పనిలో తోడు ఉండమనండి. ఏడాది తిరిగేసరికి ఆ మనిషి నిలిచేవారో కాదో కార్యవర్గానికీ తెలుస్తుంది, ఆ మనిషికీ తెలుస్తుంది. వ్యవస్థాపకులను గౌరవ సలహాదారులుగా జీవితాంతం ఉంచుకోవచ్చు. వారి మాటకు విలువ ఉండాలి, చెక్కు మీద సంతకం మాత్రం ఇంకొకరిది కావాలి.

ఇక కార్యవర్గ సభ్యులు చేయవలసిన పని ఏమిటన్న విషయంలో చాలా సంస్థల్లో స్పష్టత లేదు. కొందరికి అది ఆహ్వానపత్రికలో పేరు, వేదిక మీద కుర్చీ. ఇంకొందరికి అది రోజువారీ పెత్తనం. నేరుగా వంటగదిలోకి వెళ్లి పప్పులో చింతపండు ఎక్కువైందని వంటావిడను మందలిస్తారు, మేనేజరు ఇచ్చిన సెలవును రద్దు చేస్తారు, ఒకే ఆయాకు ముగ్గురు ట్రస్టీలు మూడు ఆదేశాలు ఇస్తారు. ఈ రెండూ సరికాదు. కార్యవర్గం విధానాలు నిర్ణయించాలి, బడ్జెట్ ఆమోదించాలి, లెక్కలు తనిఖీ చేయాలి, ఆశ్రమాన్ని నడిపే మేనేజరును నియమించి, ఆ మేనేజరుకు అధికారం ఇచ్చి, పనితీరును అడగాలి. ఎవరిని చేర్చుకోవాలి, మంచం పట్టినవారిని ఎంతకాలం ఉంచుకోగలం, మతిమరుపు వ్యాధి ముదిరినవారికి మన దగ్గర తగిన వసతి ఉందా అన్నవి కార్యవర్గం తీరిగ్గా ఆలోచించి, ముందుగానే కాగితం మీద పెట్టవలసిన నిర్ణయాలు. అంబులెన్స్ గుమ్మంలో ఆగిన తర్వాత ఫోను మీద తీసుకునేవి కావు.

2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిగ్‌జామ్ తుపానులో చెన్నై చూసినది మనం మరచిపోకూడదు. నేల అంతస్తులో నీళ్లు చేరితే నడవలేనివారిని మేడ మీదికి ఎవరు మోస్తారు, కరెంటు పోతే ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవారి సంగతేమిటి, ఇన్సులిన్ ఎక్కడ చల్లగా ఉంచాలి, జనరేటరుకు డీజిలు ఎంత నిల్వ ఉండాలి అన్న ప్రశ్నలకు సెప్టెంబరు సమావేశంలోనే, అంటే ఈశాన్య రుతుపవనాలకు ముందే, జవాబులు సిద్ధం కావాలి. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఎన్నో ఆశ్రమాలు బయటివారిని లోపలికి రానివ్వలేదు. అప్పుడు ఆయాలే పెద్దలకు సర్వస్వమయ్యారు.

ఆ ఆయాల మాట ఇక్కడ కొంచెం ఎక్కువగా చెప్పాలి. నెలకొకసారి రెండు గంటలు సమావేశానికి వచ్చే మనం చేసేది సేవ. పగలూ రాత్రీ పెద్దల పక్కబట్టలు మార్చి, ఒళ్లు తుడిచి, తినిపించే స్త్రీ చేసేది ఉద్యోగం. ఆమెకు ఇల్లు గడవాలి. ‘ఇది సేవాసంస్థ అమ్మా, ఇంతకంటే ఇవ్వలేం’ అని ఆమెతో అనే హక్కు మనకు లేదు. మన త్యాగాన్ని ఆమె జీతంలోంచి కోసి చేయడం ధర్మం కాదు. పదిమంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు ఈఎస్ఐ, ఇరవై మంది ఉన్నవి ప్రావిడెంట్ ఫండ్ సంగతి చూసుకోవాలని కార్యవర్గ సభ్యుల్లో ఎంతమంది అడుగుతున్నారు? చాలీచాలని జీతాల వల్ల ఆయాలు తరచూ మారిపోతుంటే అందరికంటే ఎక్కువగా బాధపడేది పెద్దలే. మతిమరుపు వ్యాధి వచ్చినవారు చాలామంది మధ్యలో నేర్చుకున్న భాషలు మరచి, చివరకు అమ్మ భాషలోకే వెళ్లిపోతారు. అరవై ఏళ్లు చెన్నైలో తమిళం మాట్లాడిన నెల్లూరు ఆవిడ ఆ స్థితిలో తెలుగులోనే మంచినీళ్లు అడుగుతుంది. ఆ మాట తెలిసిన ఆయాను నిలుపుకోవాలంటే తగిన జీతం ఇవ్వాలి. బడ్జెట్‌లో జీతాల పద్దును కుదించి భవన నిధి పద్దును పెంచే ప్రతి తీర్మానం దగ్గరా ఈ సంగతి గుర్తుకు రావాలని కోరుతున్నాను.

లెక్కల విషయంలో కాలం మారింది. పన్ను మినహాయింపు కోసం చేసుకున్న నమోదును 2021 నుంచి గడువు ప్రకారం పునరుద్ధరించుకోవలసి వస్తోంది. ఏడాది ఆదాయంలో 85 శాతం సంస్థ ఉద్దేశాలకే ఖర్చు కావాలి. దాతల వివరాలను మే 31లోగా పంపకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 200 రూపాయల రుసుము పడుతుంది. ఇవన్నీ ఒక పెద్దాయన జ్ఞాపకశక్తి మీద నడిచే పనులు కావు. అలాగే ట్రస్టీలకు గానీ వారి బంధువులకు గానీ సంస్థ సొమ్ము వల్ల అనుచిత ప్రయోజనం కలిగితే పన్ను మినహాయింపుకే ముప్పు వస్తుంది. ఒక ట్రస్టీ తమ్ముడి దుకాణం నుంచే మందులు కొంటున్నప్పుడు, ధర తక్కువే అయినా సరే, ఆ బంధుత్వాన్ని సమావేశంలో చెప్పి, మినిట్స్‌లో రాయించి, ఆ అంశంపై ఓటు వేయకుండా ఉండడం ఆ ట్రస్టీ ధర్మం. పెద్దవారిని ఎలా అడుగుతామని మొహమాటపడేవారికి ఒక సంగతి గుర్తుచేస్తాను. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల నాటి ఖద్దరు ప్రదర్శనలో స్వచ్ఛంద సేవికగా నిలబడిన బాలిక దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే లోపలికి వెళ్లనివ్వలేదు. టిక్కెట్టు కొన్న తర్వాతే ఆయన్ను అనుమతించింది. మన కార్యవర్గాల్లో ఆ పట్టుదల ఉన్నవారు ఒక్కరైనా ఉండాలి, వారిని మిగిలినవారు విసుక్కోకూడదు.

కార్యవర్గంలో అసలు ఎవరి గొంతు వినిపించడం లేదంటే, ఆశ్రమంలో ఉంటున్నవారిది. వారి తిండి, పడక, వైద్యం గురించి తీర్మానాలు చేసే గదిలో వారిలో ఒక్కరికీ కుర్చీ ఉండదు. వారిలో విశ్రాంత ఉపాధ్యాయులు ఉంటారు, రైల్వేలో గుమాస్తాగా పనిచేసినవారు ఉంటారు, పెరంబూరులో ఇడ్లీ కొట్టు నడిపి నలుగురు పిల్లల్ని పెంచిన ఆవిడ ఉంటుంది. సాయంత్రం ఆరింటికే రాత్రి భోజనం పెట్టేస్తే తెల్లవారేదాకా ఆకలి వేస్తుందని చెప్పగలిగేది వారే. ఆశ్రమవాసులు తమలోంచి ఎన్నుకున్న ఇద్దరిని కార్యవర్గ సమావేశాలకు పిలవాలి. మాట్లాడితే తమను పంపించేస్తారేమోనన్న భయం వారికి సహజంగానే ఉంటుంది కనుక, ఫిర్యాదు చేసినందుకు ఎవరినీ తొలగించబోమని నియమావళిలోనే రాసి, వృద్ధుల జాతీయ సహాయవాణి 14567 నంబరును భోజనశాల గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. దీన్ని అవమానంగా భావించే కార్యవర్గం ఒకసారి తన మనసును తానే అడిగి చూసుకోవాలి.

కొత్తవారు ఎక్కడున్నారని అడుగుతారు. ఉన్నారు. పాత మహాబలిపురం రోడ్డు మీది ఐటీ సంస్థల్లో పనిచేస్తున్న తెలుగు యువతీయువకులు వేలల్లో ఉన్నారు. వారి సొంత తల్లిదండ్రులు ఒంగోలులోనో అనంతపురంలోనో ఒంటరిగా ఉంటున్నారు గనుక ఈ సమస్య వారికి ఇంటి సమస్యే. వారిని పుట్టినరోజు భోజనం డబ్బు కట్టమని అడుగుతున్నాం గానీ పని అడగడం లేదు. లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయవలసిన కంపెనీలకు వృద్ధాశ్రమాలు, పగటి సంరక్షణ కేంద్రాలు కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులోనే ఉన్నాయి. ఆ కంపెనీల్లో పనిచేసేవారు కార్యవర్గంలో ఉంటే దరఖాస్తు రాయడం మొదలు ఖర్చుల నివేదిక వరకు పని సులువవుతుంది. విరమణకు ఇంకా ఐదారేళ్లు ఉన్న నర్సులు, ఆడిటర్లు, న్యాయవాదులు, ఇంజినీర్లు ఉన్నారు. ఇంతకాలం మన కార్యవర్గాల్లో స్త్రీలను సాంస్కృతిక కార్యక్రమాలకే పరిమితం చేశారు. ఆశ్రమాల్లో ఉండేవారిలో స్త్రీలే ఎక్కువగా కనిపిస్తున్నప్పుడు, నిర్ణయాలు తీసుకునేవారిలో వారు ఒకరిద్దరే ఉండడం ఇక సాగకూడదు. కులం చూసి, జిల్లా చూసి సభ్యులను తీసుకునే అలవాటును కూడా వదులుకుంటే, మనుషులు దొరకడం లేదన్న మాట సగం తగ్గిపోతుంది.

మీ పత్రిక ద్వారా చెన్నైలోని తెలుగు సంఘాలకు, వృద్ధుల సేవాసంస్థలకు నా విన్నపం. ఈసారి సర్వసభ్య సమావేశంలో ఆడిట్ లెక్కలతో పాటు, కార్యవర్గంలో ఎవరు ఎన్నేళ్లుగా ఉన్నారు, ఏడాదిలో ఎన్ని సమావేశాలకు వచ్చారు, ఎవరి తర్వాత ఎవరు బాధ్యత తీసుకోబోతున్నారు అన్న మూడు వివరాలను సభ్యుల ముందు ఉంచండి. బ్యాంకు ఖాతాలో మూడో సంతకాన్ని ఇప్పుడే చేర్చండి. అక్టోబరులో వృద్ధుల దినోత్సవ వార్తలు ప్రచురించేటప్పుడు మీ విలేకరులు దాతల పేర్లతో పాటు ఈ వివరాలను కూడా అడిగి రాస్తే, సంస్థలు వాటిని సిద్ధంగా ఉంచుకుంటాయి.

ఇట్లు,
భవదీయురాలు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని,
పశ్చిమ మాంబళం, చెన్నై